పిట్ట ముట్టని రేవు

పొద్దు నడినెత్తికెక్కింది. పిట్ట ముట్టలేదు.

మోదుగాకు విస్తట్లో అన్నం ఎండి గట్టిపడింది. చేపల పులుసు చుట్టూ ఈగలు ముసురుతున్నాయి. ముంతలో కల్లు మీద నురగ ఎప్పుడో చల్లారింది. పక్కన ఒక చుట్ట, అగ్గిపెట్టె. చనిపోయిన బుచ్చిరాములు బతికినన్నాళ్లూ గంగ మీద పడవ నడిపినవాడు. ఆయనకు ఇష్టమైనవన్నీ మూడో రోజున ఒడ్డుకు తెచ్చి పెట్టారు. ఆ ఊళ్లలో గోదావరిని గోదావరి అని ఎవరూ అనరు, గంగ అనే అంటారు.

పిట్ట వచ్చి ఒక్క మెతుకు ముట్టుకుంటే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో కోరిక మిగిలినట్టు. అదేమిటో కనుక్కొని, తీరుస్తామని పెద్దగా చెప్పి మాట ఇవ్వాలి. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు.

ఇవాళ పిట్ట ముట్టడం అటుంచి, ఆకాశంలో రెక్క కనపడితే ఒట్టు.

హనుమండ్లు అందరికీ కాస్త ఎడంగా నిలబడి ఉన్నాడు. బుచ్చిరాములుకు చిన్న కొడుకు, కరీంనగర్ సర్కారు కచేరీలో కట్టడాల ఓవర్సీర్. ఎడంగా ఉండమని అతనికి ఎవరూ చెప్పలేదు. తండ్రి పోయిన నాటి నుంచి అతను ఎక్కడ కూర్చుంటే అక్కడి నుంచి ఒక్కొక్కరూ ఏదో పని ఉన్నట్టు లేచి పోతున్నారు. రెండు రోజుల్లో ఆ దూరం అతనికే అలవాటైపోయింది.

అన్న సారయ్య ఇంకోసారి విస్తరి దగ్గరికి పోయి చేతులు కట్టుకున్నాడు. తండ్రి తర్వాత పడవ గడ పట్టింది అతనే.

"బాపూ, నీ పడవ ఎవ్వలకు అమ్మ. తారు కొట్టిపిస్త, పలకలు మార్పిస్త. నీ లెక్కనే నడుపుత. ముట్టు బాపూ."

అందరూ తలలెత్తి చూశారు. ఎండ తప్ప ఏమీ లేదు.

బుచ్చిరాములు తమ్ముడు అంకయ్య కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చాడు. "అన్నా, వలల కాడ మనకు మాటొచ్చింది. ఆనాడు నోరు జారింది నేనే. గది మనసుల పెట్టుకోకు. నీ కాళ్లు మొక్కుత, ముట్టు."

మళ్లీ తలలు లేచాయి. మళ్లీ దిగాయి.

అక్క సత్తవ్వ తల్లిని చూసుకుంటానంది, అన్నదమ్ములను కలిపి ఉంచుతానంది. ఆమె గొంతు బొంగురుపోయింది గానీ పిట్ట రాలేదు. ఇక మాట ఇవ్వవలసినవాడు ఒక్కడే మిగిలాడు. ఆ సంగతి అందరికీ పొద్దున్నుంచీ తెలుసు. నేరుగా అనడానికి నోరు రాక ఇంతసేపూ చుట్టూ తిరిగారు, అంతే.

"తమ్మీ, ఇగ నువ్వు చెప్పు," అంది సత్తవ్వ.

"ఏం చెప్పాలె అక్కా?"

"నీకు ఎర్క లేదా? రేవు కట్టనని చెప్పు. గా ముగ్గు గీతలు చెరిపేస్తనని చెప్పు. బాపు దాని కోసమే ఆగిండు."

హనుమండ్లు చూపు ముగ్గు గీతల మీదికి పోయింది.

"చెప్తడానుకున్నవా?" సారయ్య నవ్వినట్టుగా అన్నాడు. అందులో నవ్వు లేదు. "ఏరు దాటినంక తెప్ప తగలేసిండట ఎనుకట ఒకడు. ఈడు ఓవర్సీరు అయ్యేదాక బాపు పడవ మీద వచ్చిన బువ్వే తిన్నడు. రేవు కోసం మద్ది చెట్లు కొట్టిపిచ్చిన నాడు బాపు ఈడ్నే నిలవడి సూసిండు. ఒక్క మాట అన్నడా? అనలే. ఇంటికొచ్చి మంచం పట్టిండు. బతికున్నప్పుడు అనని మనిషి ఇప్పుడు అంటుండు."

హనుమండ్లుకు అది దెబ్బలా తగిలింది. ఎందుకంటే నిన్న రాత్రంతా అతను తనకు తాను చెప్పుకున్న మాట కూడా అదే.

తల్లి శంకరవ్వ ఇసుకలో కూర్చుని ఉంది. ఆమె ఏడవడం లేదు, మాట్లాడడం లేదు. నీళ్లవైపే చూస్తోంది. ఆమె ఒక్క మాట తిట్టినా బాగుండునని హనుమండ్లుకు అనిపించింది.

కట్టనని చెప్పడం ఎంత పని? నాలుగు మాటలు. కానీ చనిపోయిన తండ్రికి అబద్ధం చెప్పడానికి నోరు రాదు, నిజంగా మానేయడానికి మనసు రాదు. అతనికి ఇంతకుముందు సర్కారు అప్పగించినవి మురుగు మోరీలు, తహసీలు కచేరీ గోడలు. ఈ రేవు ఒక్కటే అతను తన బుద్ధితో గీసింది.

ఆ ఒడ్డున శ్రీరాంపూర్ వైపు బొగ్గు గనులు, బాయిలు పడుతున్నాయి. ఈ ఒడ్డు కరీంనగర్ జిల్లా, ఆ ఒడ్డు ఆదిలాబాద్ జిల్లా. కూలికి పోయేవాళ్లు, సంతకు పోయేవాళ్లు, ఆడబిడ్డల ఇళ్లకు పోయేవాళ్లు పడవ కోసం ఎండలో, వానలో నిలబడతారు. సర్కారు లాంచీ తెస్తామంది. లాంచీ ఎక్కడానికి ఒక మెట్ల వరస, టిక్కెట్లకు ఒక గది చాలనుకుంది. హనుమండ్లు అక్కడ ఆగలేదు. వానాకాలం గంగ ఎక్కడిదాకా వస్తుందో, ఎండాకాలం ఎంత దూరం పోతుందో అతనికి ఒంట్లో ఉన్న విద్య. నీళ్లు దిగినకొద్దీ జనం దిగేలా వరసలు వరసలుగా మెట్లు గీశాడు. పైన నాలుగు వైపులా తెరిచిన పెద్ద పందిరి లాంటి సాయబాను, లాంచీ ఎక్కనివాళ్లు కూడా వచ్చి కూర్చునేలా. నెత్తిన గంప ఉన్నవాళ్లు ఎవరి సాయం లేకుండా దించుకునేంత ఎత్తు అరుగులు. ఎడ్లకు నీళ్ల తొట్టి. పని లేని సాయంత్రం ఊరు ఊరంతా వచ్చి గాలికి కూర్చోవాలని అతని ఆశ.

ఇంత గీసినవాడు ఒక్క చోటు గీయలేదు.

నిన్నటిదాకా మద్ది చెట్ల కింద ఉండిన, ఇప్పుడు విస్తరి పెట్టిన ఈ చోటు. చనిపోయినవాళ్ల పేర పిట్టకు పెట్టేది తాతల నాటి నుంచి ఇక్కడే. మామూలు రోజుల్లో దీన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు, వేలు పెట్టి చూపించరు. పిల్లలు అటు చెయ్యి చాపితే నెత్తిన మొట్టికాయ పడుతుంది. ఆ మొట్టికాయలు తిన్నవాడే హనుమండ్లు. అందుకే కాగితం మీద రేవు నకాషా గీసినప్పుడు కలం ఆ చోటు చుట్టూ తిరిగి వచ్చింది. అది ఖాళీగా ఉండిపోయింది.

కరీంనగర్‌లో పెద్ద ఇంజనీరు ఆ ఖాళీ మీద వేలు పెట్టి అడిగాడు, ఇక్కడ ఏముంది ఓవర్సీర్ అని.

ఏం లేదు సాబ్ అన్నాడు హనుమండ్లు. వెనకాముందూ చూసుకోలేదు. చిన్ననాటి నుంచి అందరూ అనేమాటే నోట్లోంచి వచ్చేసింది.

అయితే సాయబాను ఇక్కడికి జరుపు, నేల గట్టిగా ఉంది అన్నాడు ఇంజనీరు. ఎర్ర పెన్సిలుతో ఒక గీత గీశాడు. ఆ గీత కింద మద్ది చెట్లు పడ్డాయి.

"చిన్నాయినా," అన్నాడు హనుమండ్లు చివరికి. "పిట్ట రానిది బాపు కోపానికి కాదు. చెట్లు లేవు. పిట్టలు ఆ చెట్ల మీదనే ఉండేటియి. ఇప్పుడు ఆ దరికి పోయినయి. తప్పు నాది. సాబ్ గీ జాగ ఏందని అడిగితే ఏం లేదన్న."

ఎవరూ కదల్లేదు.

అంకయ్య కర్ర కొనతో ఇసుక గీరుతూ అన్నాడు. "అడిగితే నేనైనా గదే అంటుంటి. ఎవ్వలన్న గదే అంటరు."

ఒక్క క్షణం హనుమండ్లుకు ఊపిరి ఆడింది. తనవాళ్ల మధ్య నిలబడినట్టు అనిపించింది. అది ఎంతోసేపు నిలవలేదు.

"చెట్లు లేవు గందుకే పిట్టలు లేవు, గా సంగతి మాకు ఎర్క లేదారా?" అన్నాడు సారయ్య. "మేం గుడ్డోల్లమా? పొద్దుగాల్నుంచి నువ్వు నోరు తెరుస్తవేమోనని సూస్తున్నం. తప్పన్నవు, బాగనే ఉంది. మరి సాబుకు చెప్పినవా ఈడ ఫలానా జాగ ఉన్నదని? చెట్లు కొడుతున్నప్పుడన్న చెప్పినవా?"

"చెప్పలే."

"ఎందుకు?"

"అప్పటికే మంజూరు అయింది. మల్ల మార్వాలంటే పని మొత్తం ఆగుతుండె."

"అంటే నీకు పనే ముద్దు."

హనుమండ్లు కాదనలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. అతను చించుకున్నాడు, పడింది.

"ఎత్తుండ్రి," అంది శంకరవ్వ.

పొద్దున్నుంచి ఆమె అన్న మొదటి మాట అది. అందరూ ఆమెవైపు తిరిగారు.

"ఇస్తరి ఎత్తుండ్రి. ఆ దరికి తీస్కపోదాం. పిట్టలు ఉన్న కాడికి మనమే పోదాం."

"పెట్టిన ఇస్తరి ఎత్తుడు మంచిది కాదు వదినా," అన్నాడు అంకయ్య.

"పస్తు పండవెట్టుడు మంచిదా?"

అంకయ్య పక్కకు తప్పుకున్నాడు. సారయ్య విస్తరిని రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. సత్తవ్వ ముంత తీసుకుంది. అందరూ పడవ దగ్గరికి నడిచారు. హనుమండ్లు వాళ్ల వెనక నడిచి, నీళ్లలో దిగి, పడవ అంచు మీద చెయ్యి వేశాడు.

"నువ్వు ఉండు," అన్నాడు సారయ్య గడ అందుకుంటూ.

"బాపు నాకు గూడ బాపే అన్నా."

"నేను కాదంటున్ననా? నువ్వుంటె ముట్టదేమో. ఇయ్యాల్టికి మాకు గింత అన్నం తిననియ్యి."

హనుమండ్లు తల్లివైపు చూశాడు. ఆమె పడవ మధ్యలో కూర్చుని కొంగు సర్దుకుంటోంది. ఒక్క మాట అంటుందేమోనని అంచు పట్టుకునే ఉన్నాడు. పడవ కదిలింది. చెయ్యి దానంతటదే జారింది.

ఆ పడవలో అతనికి చోటు లేకపోవడం పుట్టిన తర్వాత ఇదే మొదటిసారి. మోకాలి లోతు నీళ్లలో చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత ఒడ్డుకు వచ్చి కొట్టేసిన మొద్దు మీద కూర్చున్నాడు. చుట్టూ ముగ్గుతో పోసిన గీతలు. ఇక్కడ స్తంభం, ఇక్కడ అరుగు. ఇంత పెద్ద సాయబానులో తాను ఒక్కడే ఉన్నాడు.

భార్య అనసూర్య ఉంటే బాగుండుననుకున్నాడు. ఆమె పురిటికి చొప్పదండిలో పుట్టింటికి పోయింది. నిండు చూలాలిని చావింటికి పిలవరు. మామగారు పోయిన కబురు కూడా ఆమెకు ఇంకా అందనీయలేదు.

"పడవ ఎప్పుడు పోయింది బిడ్డా?"

వెనక నుంచి ఒకావిడ వచ్చింది. నెత్తిన మూట, చంకలో సంచి. ఒంటరి మనిషి. గంగ మీద సగం దూరం పోయిన పడవను చూసి నిట్టూర్చింది.

"ఇప్పుడే పోయింది అవ్వా. జర ఆగాలె. అది సావు పడవ. ఆళ్లు మళ్లి వచ్చినంక నిన్ను దాటిస్తరు."

ఆవిడ మూట దించుకోవడానికి అటూ ఇటూ చూసింది. హనుమండ్లు లేవబోయి ఆగాడు. "నాకు మైల ఉన్నది. నేను ముట్టరాదు."

"ముట్టకు తియ్యి. గింత మూటకు మనుషులు కావాల్నా?" అని వంగి, మూటను ఇంకో మొద్దు మీదికి దొర్లించింది. "నన్ను కొమురవ్వ అంటరు. శ్రీరాంపూర్ పోవాలె. నా కొడుకు బాయిల పని చేస్తడు. నీకు ఎవలు పోయిండ్రు?"

"మా బాపు."

"మరి ఆళ్లతోని పోలేదా?"

"పోలే."

కొమురవ్వ ఇంక అడగలేదు. మనిషిని చూస్తే ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి. కాసేపటికి కాలితో ముగ్గు గీతను చూపించింది. "గిదేంది? ఎవల ఇల్లు?"

"ఇల్లు కాదు. రేవు. లాంచీ వస్తది. జనం కూసునేటందుకు కడుతున్నరు."

"ఎక్కేటోల్లకేనా?"

"ఎవలకన్న. ఉత్తగ వచ్చి కూసున్నా లేపరు."

"ఆడోల్లకు చాటుకు ఒక అర్ర ఉంటదా? పసిపోరగాండ్లు ఉన్నోల్లు పాలియ్యాలంటే ఈ ఒడ్డు పొంట తిప్పలు."

హనుమండ్లు లేచి నాలుగడుగులు వేసి చూపించాడు. "గిదే ఆ అర్ర. గాలి వచ్చేటట్టు మీద జాలీ. తలుపు గంగ దిక్కు కాదు, ఇటు పెట్టినం."

కొమురవ్వ ఆ ముగ్గు గీతల మధ్యకు నడిచి, నిజంగానే గోడ, దాని అవతల మగవాళ్లు ఉన్నట్టు ఒదిగి నిలబడి చూసింది. తృప్తిగా తల ఊపింది. "మంచిగ చేసిండు ఎవడో. గిట్లాంటి జాగ ఉంటె మనిషికి మనిషి తోడు దొరుకుతరు. నేను మూడేండ్ల సంది ఈ రేవు దాటుతున్న. ఒక్కలతోని నాలుగు మాటలు మాట్లాడింది లేదు. ఎండకు ఎవని నీడ వాడు ఎతుక్కునుడే."

హనుమండ్లుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రేవు గురించి ఒక మనిషి మంచి మాట అనడం అతను విన్నది ఇదే. తండ్రి నోట వినాలనుకున్న మాట. చెట్లు పడ్డ రోజు తండ్రి పక్కన నిలబడి, ఇదిగో బాపూ ఇక్కడ అరుగు, ఇక్కడ మెట్లు అని చూపిస్తే సరిపోయేది. ఆ రోజు అతనికి ముఖం చెల్లక కూలీల వెనక నిలబడ్డాడు.

ఆ ఒడ్డున పడవ ఆగింది. మనుషులు చీమలంత కనపడుతున్నారు. వంగారు, లేచారు, దూరంగా జరిగారు. ఒకరు ముందుకు పోయి వెనక్కి వచ్చారు. ఇంకొకరు పోయి వచ్చారు. తర్వాత చాలాసేపు ఎవరూ కదల్లేదు. చివరికి ఒక్కరు, నడకను బట్టి తల్లే అనుకున్నాడు, ఒంటరిగా పోయి విస్తరి ముందు కూర్చుంది.

ఏం చెబుతోందో ఇంత దూరం వినపడదు. వినాలని మాత్రం చెవులు రిక్కించాడు.

పడవ తిరిగి వచ్చేసరికి అందరి ముఖాలూ మారిపోయాయి. అంకయ్య నీళ్లలోకి దిగుతూనే అన్నాడు. "ముట్టింది."

హనుమండ్లు రెండు చేతులూ ముఖానికి కప్పుకొని ఏడ్చాడు. మూడు రోజులుగా రాని ఏడుపు. పిట్ట మీద నమ్మకం ఉందా లేదా అని ఎవరైనా అడిగితే చెప్పలేడు. తండ్రి అన్నం తిన్నాడు, అంతే.

ఎవరూ వచ్చి భుజం మీద చెయ్యి వేయలేదు. అతను ముఖం తుడుచుకొని చూస్తే సత్తవ్వ కళ్లు దించుకుంది. సారయ్య పడవ కట్టే వంక పెట్టుకొని ముడి మీద ముడి వేస్తున్నాడు. కొమురవ్వ మూట ఎత్తుకొని, ఏదో అర్థమై, పడవకు దూరంగానే ఆగిపోయింది.

"ఏం మాట ఇచ్చిండ్రు?" అని అడిగాడు హనుమండ్లు.

సారయ్య ఇంకో ముడి బిగించాడు.

"అక్కా, ఏం చెప్పిండ్రు బాపుకు?"

"అవ్వను అడుగు," అంది సత్తవ్వ.

శంకరవ్వ తడిసిన చీర అంచు పిండుకుంటూ చెప్పింది. "తమ్ముడు రేవు కట్టడు అని మీ అన్న చెప్పిండు. ముట్టలే. మీ అక్క గూడ గదే చెప్పింది. పిట్టలు కొమ్మ మీదనే ఉన్నయి, దిగలే."

"మరి?"

"నేను చెప్పిన. నా చిన్నకొడుకు రేవు కడ్తడు, మంచిగ కడ్తడు. కని ఇగ మన గడప తొక్కడు అని చెప్పిన. దిగింది."

గాలికి ముగ్గు లేచి పోతోంది. హనుమండ్లు విన్నది సరిగా విన్నానా అన్నట్టు అన్నవైపు చూశాడు. సారయ్య ఈసారి తల ఎత్తలేదు. అతనికి కూడా ఇది గెలుపులా లేదు.

"గట్ల ఎట్ల చెప్పినవ్ అవ్వా?"

"ఇంకేం చెప్పాలె? కట్టనని చెప్పినా నువ్వు కడ్తవ్. నా కడుపుల పుట్టినోనివి, నాకు ఎర్క లేదా? తప్పే మాట సచ్చినోనికి చెప్పొద్దు. నేను నిలవెట్టుకునేదే చెప్పిన."

"నేను మానేస్త. ఇయ్యాల్నే పోయి సాబుకు రాజీనామా ఇస్త. అప్పుడు ఇంటికి రానిస్తవా?"

అనేశాడు. అనాలని అనుకోలేదు. పొద్దున్నుంచి పెదవి దాటని మాట అంత తేలిగ్గా వచ్చినందుకు అతనికే ఆశ్చర్యం వేసింది.

శంకరవ్వ తల అడ్డంగా ఊపింది. "కడ్తడని గూడ చెప్పిన గద. రెండు కలిపే చెప్పిన. ఇప్పుడు నువ్వు మానేస్తె మీ బాపుకు నేను అబద్ధం ఆడినట్టు."

"దినాలకు?"

"గంగ కాడికి రా. అందరితోని స్నానం చెయ్యి. కోడలు పురుడు పోసుకొని వస్తె ఇంట్ల పెట్టుకుంట, పిల్లను ఎత్తుకుంట. నువ్వు ఇక్కడిదాకనే. రేవు అందరిది. ఇల్లు నాది."

అంకయ్య కర్ర పొడుచుకుంటూ మెల్లగా ముందుకు నడిచాడు. ఆకలి మీద ఉన్నవాళ్లు ఒక్కొక్కరే అతని వెనక కదిలారు. సత్తవ్వ తమ్ముడివైపు ఒకసారి చూసి వాళ్ల వెనక నడిచింది.

హనుమండ్లు తల్లికి అడ్డం పోయాడు. అడ్డం పోవడమే గానీ మీద పడే ధైర్యం లేదు. రెండు బారల దూరంలోనే ఆగాడు.

"ఒక్కటి చెప్పు అవ్వా. పిట్ట దేనికి దిగింది? నేను రేవు కడ్తనని నువ్వు చెప్పినందుకా, ఇంటికి రానని చెప్పినందుకా?"

శంకరవ్వ ఆ పొద్దు మొదటిసారి కొడుకు ముఖంలోకి చూసింది.

"నాకు గూడ గదే సమజ్ అయితలేదు బిడ్డా," అంది.

కొంగు నెత్తిన కప్పుకొని అతని పక్కనుంచి ఇంటి తొవ్వ పట్టింది.